మీసాలే ముక్కు

2021లో కరోనా వచ్చి వెళ్తూ వెళ్తూ నా ముక్కును వెంట తీసుకుపోయింది. ముక్కంటే ముక్కు కాదండోయ్, వాసన! పప్పు అడుగంటితే ముందుగదిలోంచి మావారు కేకెయ్యాల్సిందే. "నవల్లో మునిగావా?" అని వేళాకోళం కూడాను. ఓరోజు గ్యాసు కట్టెయ్యడం మర్చిపోయాను. పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి చెప్పేదాకా నాకు తెలీలేదు. ఆనాటితో మావారి వేళాకోళం ఆగిపోయింది.

మొన్న కార్తీకంలో ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాం. వాళ్ళ కందిచేలో, కర్రకు కట్టిన గరాటులాంటి డబ్బా, దాని కింద ప్లాస్టిక్ సంచీ, సంచీలో చచ్చిన రెక్కల పురుగులూ కనిపించాయి.

"లింగాకర్షక బుట్ట వదినా" అంది, కాస్త సిగ్గుపడుతూ. పేరు విని నేనూ సిగ్గుపడ్డాను.

సంగతేమిటంటే, శనగపచ్చ పురుగుల్లో ఆడది రాత్రిపూట ఒక వాసన వదుల్తుంది. మగవాడికి ముక్కుండదు, మీసాలే ముక్కు. ఆ మీసాలనిండా సన్నని నూగు, నూగుకి కంటికానని రంధ్రాలు. వాసన అందులో దూరగానే, లోపలి ద్రవంలో ఉండే మాంసకృత్తు ఒకటి దాన్ని చెయ్యి పట్టుకుని నరం దాకా నడిపిస్తుంది. నరం మెదడుకు కబురందిస్తుంది. ఇహ వాడు గాలికెదురుగా బయల్దేరతాడు. తీరా వస్తే, బుట్టలో ఉన్నది నకలు వాసన పట్టించిన రబ్బరు బిళ్ళ. పందిరుంది, పెళ్ళికూతురు లేదు!

ఇలాంటి వాసనను మొట్టమొదట పట్టుపురుగుల్లోంచి తీసి, అదేమిటో 1959లో తేల్చింది జర్మనీలో బూటెనాంట్ గారు. అందుకు 5 లక్షల పురుగులు కావలసి వచ్చాయిట! మన పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్‌లోనూ ఇలాంటి బుట్టలు పెట్టి ఈ శనగపచ్చ పురుగు రాకపోకలు గమనించారు.

ఇంకో ఉపాయం కూడా ఉంది. పత్తిలో గులాబీరంగు పురుగుకైతే చేనంతా ఆ వాసనే నింపేస్తారు. అంతటా అదే వాసనైతే, ఆడది ఎక్కడుందో మగవాడికి తెలీదు.

సాయంత్రం గాలి ఫ్యాక్టరీలవైపు నుంచి మళ్ళింది. మావారు రుమాలుతో ముక్కు మూసుకుని, "ఏమిటీ ఘాటు?" అన్నారు. ఆడపడుచు వింతగా చూసింది.

"ఏం ఘాటు? నాకైతే ఏం ఒస్తలేదు."

ఆవిడ మూడేళ్ళ మనవరాలు మాత్రం నా చీరకుచ్చిళ్ళలో మొహం దాచుకుంది.

నా ముక్కు జబ్బుచేసి పోయింది. ఆవిడది అలవాటైపోయింది. పోయిందని నాకు తెలుసు కాబట్టి రోజూ గ్యాసు రెండుసార్లు చూసుకుంటాను. పోయినట్టే తెలియని మనిషి, దేన్ని చూసుకుంటుంది చెప్పండి?

పిల్లనెత్తుకుని లోపలికి నడిచి, కిటికీ తలుపులు వేశాను.