మోటారుబండి గొంతు

ప్రతి యంత్రమునకును తనదైన గొంతు ఒకటి కలదు. పిండిమర మ్రోతను, వరికోత యంత్రపు మ్రోతను మన పల్లెవారు కన్నులు మూసికొనియు వేరుచేసి చెప్పగలరు. కొల్లేటి చెంత రొయ్యల చెరువులలో రాత్రియెల్ల ఏరియేటర్లు తిరుగుచుండును. ఆ చప్పుడున హాయిగా నిద్రించు కాపలాదారు, అది ఆగిన మరుక్షణమున దిగ్గున లేచి కూర్చుండును. నీటిలో ప్రాణవాయువు తగ్గినచో తెల్లవారులోపల పంట పోవునని అతనికి తెలియును.

మా చెల్లెలి మనుమడు ఏలూరులో చిన్న ఉద్యోగమున చేరి, వాడిన మారుతి 800 కారు నొకదానిని కొనెను. 1983లో పుట్టి, 2014లో తయారీ నిలిచిపోయిన ఆ చిన్నబండ్లు మన రోడ్లపై ఇంకను అక్కడక్కడ తిరుగుచునే యున్నవి. వీనిది 2008 నాటిది. తోడి యువకులు దాని చప్పుడును కుట్టుమిషనుతో పోల్చి నవ్విరట. ఒక ఆదివారము వాడు తాడేపల్లిగూడెమునందలి మా యింటికి వచ్చి, "తాతగారూ, వెనుక సైలెన్సరు కోయించి వట్టి గొట్టము అతికించినచో పెద్దకారు వలె గర్జించునట. నాయొద్ద రెండువేల రూపాయలు ఉన్నవి. గూడెము మేస్త్రీ మీ శిష్యుడే గదా, ఒక్కమాట చెప్పరా?" అని అడిగెను.

నాకు నవ్వు రాలేదు. ఇరువదిరెండేండ్ల వయస్సున నలుగురు తలత్రిప్పి చూడవలెనని కోరుట వింత కాదు. మా చిన్ననాడు సైకిలు చక్రపు పుల్లలకు తగులునట్లు అట్టముక్క కట్టి, అదియే మోటారుసైకిలని తలచి త్రొక్కినవారము మేము. వానిని వెంటబెట్టుకొని మేస్త్రీ షెడ్డునకు వెళ్లితిని.

ఆ మేస్త్రీ తరగతిలో ఛందస్సు అనగానే కిటికీవైపు చూచువాడు. ఇప్పుడు ఇంజనులో గణదోషము ఎచ్చటనున్నదో చెవితోనే పట్టగలడు. ఎప్పుడో రంపముతో నిలువునా కోసి మూల పడవైచిన పాత సైలెన్సరు నొకదానిని తెచ్చి మా ముందుంచెను. పైకి అది వట్టి రేకుడబ్బా. లోపల అడ్డురేకులతో ఏర్పడిన మూడు గదులు, ఒకదానినుండి మరియొకదానికి పోవు చిల్లుల గొట్టములు. పెట్రోలు మండిన ప్రతిసారియు ఇంజనునుండి వాయువు ఒక్కతన్నున వెలువడును. ఆ దెబ్బ గదుల గోడలకు తగిలి వెనుకకు మరలును. మరలివచ్చు అలలోని పల్లము, ముందుకు పోవు అలలోని మిట్టను కలిసినచోట రెండును అణగిపోవును. 1897లోనే అమెరికాలో రీవ్స్ సోదరులు ఇంజను మ్రోతను అణచు సాధనమునకు పేటెంటు పొందిరి.

"మరి దీనిని తీసివేసినచో బుల్లెట్టు వలె మ్రోగునా?" అని వాడు అడిగెను.

"మ్రోగదు బాబూ. బుల్లెట్టుకు సిలిండరు ఒకటే. నిలిపియుంచినప్పుడు ఇంజను నిమిషమునకు సుమారు వేయి చుట్లు తిరుగును. రెండు చుట్లకు ఒక దెబ్బ. అనగా నిమిషమునకు ఐదువందలు, సెకనుకు ఎనిమిదికి పైచిలుకు. అందుచే ఏ దెబ్బకు ఆ దెబ్బ వేరుగా వినబడును. నీ కారునకు సిలిండర్లు మూడు. 3,000 చుట్ల వేగమున ఎన్ని దెబ్బలో నీవే లెక్కవేయుము."

వాడు లెక్కవేసి, "సెకనుకు 75" అనెను. విద్యార్థులారా, మీరును ఈ గుణకారము చేసి చూడవచ్చును. సెకనుకు ఇరువదింటికి మించిన దెబ్బలను మన చెవి వేరుచేయజాలదు. అన్నియు కలిసి ఒక స్వరమగును. ఎనిమిది సిలిండర్ల పెద్దకారులో అదే వేగమునకు దెబ్బలు 200. ఈ లెక్క ఇంజను పుట్టుకతో వచ్చినది. గొట్టము మార్చినచో స్వరపు తీరు కొంత మారును, బిగ్గరతనము పెరుగును. మూడు ఎనిమిది కాజాలదు. సన్నాయిని పగులగొట్టి డోలు చేయగలమా?

చట్టమునుగూర్చి నేను రెండు మాటలు చెప్పితిని. మ్రోత నియమములను మించునట్లు బండిని మార్చి నడపినచో, మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ ప్రకారము పదివేల రూపాయల వరకు జుర్మానా, మూడు నెలల వరకు జైలు పడవచ్చును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టును నూరు మీటర్ల చోటును నిశ్శబ్ద మండలముగా ప్రకటింపవచ్చును. అచ్చట పగలు 50, రాత్రి 40 డెసిబెల్లు హద్దు. ఈ అంకెలకన్న నాకు తరగతిగది ఎక్కువ జ్ఞాపకము. రోడ్డుప్రక్క బడిలో పద్యము రాగమున సాగుచుండగా ఒక్క మోటారుసైకిలు రంకెవేసి పోయినచో నలువది తలలు కిటికీవైపు తిరుగును. తెగిన పద్యమును మరల మొదటినుండి ఎత్తుకొనవలెను.

వాడు వినయముగా వినెను గాని, మనస్సు మారిన జాడ కనబడలేదు. అంతలో మేస్త్రీ చేతిదీపముతో కారు క్రిందికి దూరి, కొంతసేపటికి పైకి వచ్చి, "బాబూ, వానలో అద్దములు మూసికొని నడపునప్పుడు తల నొచ్చునా?" అని అడిగెను.

వాడు ఒక్కక్షణము ఆగి, "నొచ్చును" అనెను.

ముందుసీటు క్రింది అతుకులో గ్యాస్కెట్టు కాలి చిరిగియున్నది. దాని వెనుక గొట్టమున త్రుప్పు తినిన చిల్లు. అచ్చటినుండి వెలువడు పొగలో కార్బన్ మోనాక్సైడు ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువునకన్న రెండువందల రెట్లు మించిన బలముతో దానిని పట్టుకొనును. మొదట తలనొప్పి, పిమ్మట మగత, ఆ పిమ్మట స్పృహ తప్పుట. అడుగురేకు సందులగుండ అది లోనికి రాగలదు. గొట్టమును కారు నడుమనే ముగించు చౌకపని చేయించినచో మరింత రాగలదు. స్నేహితులు కుట్టుమిషను చప్పుడని నవ్వినది చాలవరకు ఈ చిల్లు చప్పుడేనని మేస్త్రీ చెప్పెను.

త్రుప్పునకు కారణమును వింతగానే యున్నది. లీటరు పెట్రోలు మండినచో సుమారు లీటరు నీరు ఆవిరిగా పుట్టును. దూరము పోవు బండిలో ఆ ఆవిరి వేడికి బయటకు పోవును. గదినుండి ఆఫీసునకు రెండు కిలోమీటర్లు మాత్రమే తిరుగు బండిలో అది చల్లబడి, గొట్టములోనే నిలిచి, లోపలినుండి రేకును తినును.

క్రొత్త గ్యాస్కెట్టు, చిల్లున్న తావున గొట్టపుముక్క వెల్డింగు, సైలెన్సరును వ్రేలాడదీయు రబ్బర్లు నాలుగు. అన్నిటికిని 1,400 రూపాయలు అయ్యెను. మాస్టారి మనుమడని కూలి తగ్గించెనేమోనని నా అనుమానము. ఇంజను తిప్పగా గలగల లేదు, టికటిక లేదు. సన్నని స్వరము ఒకేతీరున సాగెను. వాని ముఖమున కొంత నిరాశయు, కొంత ఆశ్చర్యమును కనబడెను.

మిగిలిన 600 రూపాయలకు పెట్రోలు పోయించి, వాడు నన్ను ఏలూరు మీదుగా కైకలూరు దారిన కొల్లేటికి తీసికొనిపోయెను. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన సరస్సు అది. ఆటపాకలో గూడబాతులు ఇనుప మంచెలపై గూళ్లు కట్టుకొనియుండెను. గట్టునకు చాల దూరముననే వాడు ఇంజను ఆపెను. తిరుగుదారిలో రైల్వేగేటు వద్ద ఒక బుల్లెట్టు వచ్చి మా ప్రక్క నిలిచెను. వాడు స్టీరింగుపై వ్రేలితో కొట్టుచు దాని దెబ్బలను లెక్కింపసాగెను. గేటు లేచువరకును లెక్క తేలలేదు.