బీదరు డబ్బీ

బీదరు, కలబురగి, విజయపుర మూడూ చుట్టి రావాలని హైదరాబాదులో బస్సెక్కాము. సంచులు బరువేగాని చేతిలో డబ్బు అంతంతమాత్రమే. బీదరులో గురునానక్ ఝీరా గురుద్వారాలో లంగరు భోజనం చేశాము. పప్పూ రొట్టే కొసరి వడ్డించారు, కానీ ఖర్చులేదు. 1472లో మహమూద్ గవాను కట్టించిన మదరసా చూసి, బిద్రీ పనివారి వీధికి వెళ్ళాము. తుత్తునాగం, రాగి కలిపి పోతపోసిన డబ్బీమీద వెండితీగ పొదిగి, కోటమన్నూ నవాసాగరమూ కలిపిన నీళ్ళలో మరిగిస్తారు. డబ్బీ నల్లబడుతుంది, వెండి తెల్లగానే ఉంటుంది.

మా అమ్మ పుట్టింది బీదరులోనే, 1956కు ముందు, ఈ ఊరు హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నప్పుడు. ఒక డబ్బీ రెండుసార్లు చేతిలోకి తీసుకొని, ధర విని కింద పెట్టేసింది. లెక్క చూసుకొన్నాము. విజయపుర మానుకొంటే సరిపోతుంది. గోల్ గుంబజ్ ఎక్కడికి పోతుంది గనుక! 2017లో మొదలైన రైలుదారిన కలబురగి ఒక్కటే చూసి ఇల్లు చేరాము. దారిపొడుగునా డబ్బీ అమ్మ ఒడిలోనే ఉన్నది.