రథం ఎప్పుడు కొనాలి?



గత నెలలో ఒక ఆదివారం ఆరాధన ముగించుకొని, మేమూ అమ్మగారూ భోజనానికి కూర్చున్నాము. హైదరాబాదు నుండి ఫోన్ వచ్చింది. మన సంఘపు బిడ్డే. సండేస్కూల్లో మా ముందు నిలబడి కంఠత వాక్యాలు అప్పజెప్పినవాడు. ఇప్పుడు ముప్పై దాటాయి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. అతనితో చెప్పి, సరేనన్నాకే ఇది రాస్తున్నాము. పేరు మాత్రం రాయము.

"అయ్యగారూ, వందనాలండి. ఒకటి అడుగుతాను, తిట్టకూడదు. పోర్షే 911 అని స్పోర్ట్స్ కారండి. కొనాలని ఉంది. ఎప్పుడు కొనమంటారు?"

ఎంతవుతుంది బాబూ అని అడిగాము. "రోడ్డెక్కేసరికి రెండు కోట్లు దాటుతుందండి" అన్నాడు. అమ్మగారి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. మన మందిరానికి స్లాబు వేయడానికి మూడేళ్లు పట్టిన సంగతి మీ అందరికీ గుర్తే కదా.

"అది లోకాశ నాయనా, మానుకో" అనే మాట మా నోటి చివరి దాకా వచ్చింది. కానీ అనలేకపోయాము. కొన్నేళ్ల క్రితం ఒక యౌవనస్థుడు ఖరీదైన మోటారు సైకిలు మీద మందిరానికి వచ్చాడు. ఆ రోజే ప్రసంగంలో, అతని పేరెత్తకుండా, అందరికీ అర్థమయ్యేలా గద్దించాము. ఆ తరువాత అతను రావడం మానేశాడు. తండ్రి అప్పు పూర్తిగా తీర్చి, చెల్లెలి చదువుకు డబ్బు కట్టి, ఆ మీదటే బండి కొన్నాడని మాకు ఆలస్యంగా తెలిసింది. ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాము. క్షమించాడు గానీ, తిరిగి రాలేదు. అడగకుండా తీర్పు చెప్పిన కాపరికి ఆ ఖాళీ కుర్చీ ఇంకా కనబడుతూనే ఉంది.

అందుకని ఈసారి అడిగాము. "ఎందుకు కావాలనిపిస్తోంది బాబూ?"

కాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పాడు. "చిన్నప్పుడు నాన్నతో బెల్లం దిమ్మల బండి వెనక నడుచుకుంటూ అనకాపల్లి మార్కెట్‌కి వచ్చేవాణ్ణండి. వెనక కారొస్తే హారన్ కొట్టి, తప్పుకోండ్రా అని తిట్టి పోయేవారు. నాన్న తలెత్తేవాడు కాదు. ఆ రోడ్డు మీద ఒక్కసారి నాన్నని నా పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లాలండి."

ఈ ఆశను చూసి నవ్వగలవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు ఎప్పుడూ ఆ బండి వెనక నడిచి ఉండరు. మనవాళ్లలో చాలామందికి మంచి చొక్కా, మంచి బండి అంటే గర్వం కాదు, ఇన్నాళ్లూ దక్కని మర్యాద. ప్రభువు దీన్ని ఎరిగినవాడే. అయితే కారు కొంటే ఆ మర్యాద వస్తుందా, వస్తే ఎన్నాళ్లుంటుంది అన్నది వేరే ప్రశ్న.

ఆ రాత్రి బైబిలు తెరిచి రథాల సంగతి వెదికాము. ఆ కాలపు ఖరీదైన వాహనం రథమే కదా. మొదటి రాజులు 10వ అధ్యాయంలో సొలొమోను ఐగుప్తు నుండి రథాలు తెప్పించాడు, ఒక్కొక్కటి 600 తులముల వెండి. విదేశీ బండి, ధరతో సహా గ్రంథంలో రాసి ఉంది! అలాంటివి అతనికి 1,400. గుఱ్ఱాలను విస్తారంగా సంపాదించుకోవద్దని ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయం రాజులను ముందే హెచ్చరించింది. రెండు అధ్యాయాల తరువాత అతని కుమారుడి ముందు నిలబడి, మా కాడి బరువు తగ్గించమని ప్రజలు మొరపెట్టుకున్నారు. రాజు వైభవం బరువు వాళ్ల మెడల మీద పడింది.

రెండో రథం అబ్షాలోముది. దాని ముందు పరుగెత్తడానికి 50 మందిని పెట్టుకున్నాడు. ప్రయాణానికి అంతమంది అక్కర్లేదు. జనం చూడడానికి కావాలి.

మూడోది అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడైన అధికారిది. అతనూ ధనవంతుల లోకంలోనివాడే, రాణిగారి ధనాగారము మీద అధికారి. రథము దిగమని ఫిలిప్పు అతనికి చెప్పలేదు. అతనే ఫిలిప్పును ఎక్కి తన పక్కన కూర్చోమన్నాడు.

రథం పాపమని మాకు ఎక్కడా కనబడలేదు. దాని బరువు ఎవరు మోస్తున్నారు, అది ఎవరికి చూపించడానికి, పక్కన చోటు ఎవరికి అన్నవే కనబడ్డాయి.

రెండో ప్రశ్న దగ్గర మాకే సిగ్గేసింది. పద్దెనిమిదేళ్లు మోటారు సైకిలు మీద గ్రామాలు తిరిగి, సెకండ్ హ్యాండులో చిన్న కారు కొన్నాము. మొదటిసారి పాస్టర్ల కూటమికి వెళ్లినప్పుడు చెట్టు కింద నీడలో చోటున్నా, అందరికీ కనబడేలా గేటు ఎదుట ఎండలో ఆపాము. అబ్షాలోముకు 50 మంది కావలసి వచ్చింది, మాకు ఒక గేటు సరిపోయింది.

మర్నాడు ఫోన్ చేసి ఈ మాటలన్నీ చెప్పాము. తరువాత లెక్కలు. లెక్కలకు అమ్మగారే గట్టి, ఆవిడే మాట్లాడారు. లూకా 14వ అధ్యాయంలో గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువే చెప్పారు కదా. తన దగ్గర కోటి ఉందనీ, మరో కోటి అప్పు తీసుకుంటాననీ అతను అన్నాడు. 9 శాతం వడ్డీకి ఏడేళ్లంటే నెలకు సుమారు 1 లక్షా 61 వేలు. మొత్తం కట్టేది కోటీ 35 లక్షలు. 2025 సెప్టెంబరు 22 నుండి ఇలాంటి కార్లకు జీఎస్టీ 40 శాతం, దిగుమతి సుంకం వేరు, లైఫ్ టాక్సు వేరు. ఇక బీమా లెక్కలో ఆరు నెలల లోపే విలువ 5 శాతం తరిగిపోతుంది, రెండేళ్లు దాటితే 30, నాలుగేళ్లు దాటితే 50. అంటే అప్పు ఇంకా తీరకముందే కారు విలువ సగం.

"ఇవన్నీ నాకు తెలుసు అమ్మగారూ" అన్నాడు. "మరి నాన్నగారికి తెలుసా బాబూ?" అని ఆవిడ అడిగారు. జవాబు లేదు.

ఆ వారం అతను ఊరు వచ్చి తండ్రికి తానే చెప్పాడు. మేమూ అక్కడే ఉన్నాము. ఆ పెద్దాయన ఎన్నో సీజన్లు గానుగ దగ్గర బెల్లం వండినవాడు. మోకాళ్లు అరిగిపోయి ఇప్పుడు మంచం మీదనుండి లేవడమే కష్టం. ఫోనులో కారు బొమ్మ చాలాసేపు చూసి, "బావుంది. ఇంత కిందకుంది, నానెలా ఎక్కాలి, ఎలా దిగాలి?" అన్నాడు. అందరం నవ్వాము. కొడుకు మాత్రం నవ్వలేదు. ఎవరిని ఎక్కించుకోవాలని కొనాలనుకున్నాడో, ఆయనే అందులో కూర్చోలేడని అతనికి అప్పుడే తట్టింది.

ఎప్పుడు కొనమంటావు నాన్నా అని అడిగాడు. ఆయన అన్నది మేము మరువలేము.

"పాకం ముందు దించేస్తే దిమ్మ కట్టదు. ఆలస్యమైతే మాడిపోద్ది. మనకి తొందరుందని దించరు నాయనా. కాస్త తీసి చల్లనీళ్లల్లో వేసి చూస్తారు. ఉండ కడితే దించుతారు."

మేము సెమినరీలో చదువుకున్నాము గానీ ఇంత తేటగా చెప్పలేకపోయాము. చల్లనీళ్లలో వేసి చూడడమంటే ఏమిటో ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాము. ఒక సంవత్సరం పాటు ఆ 1 లక్షా 61 వేలు కంతు కడుతున్నట్టే నెలనెలా పక్కన పెట్టాలి. తండ్రి మోకాళ్ల ఆపరేషను ముందు చేయించాలి. కానుక తగ్గకూడదు, ఇంట్లో ఎవరి అవసరమూ వెనక్కి పోకూడదు, రాత్రి నిద్ర చెడకూడదు. ఏడాది తరువాత ఇవన్నీ నిలబడి, ఆశ కూడా అలాగే ఉంటే, అప్పు లేకుండానో కొద్ది అప్పుతోనో కొనుక్కోవచ్చు. ఆ రోజు ప్రార్థన చేయడానికి మేమే వస్తామని మాటిచ్చాము. ఆశ పోతే, చేతిలో 19 లక్షల పైచిలుకు ఉంటాయి.

మర్నాడు ఉదయం అతను తండ్రిని మా పాత కారు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని మార్కెట్ దాకా తీసుకువెళ్లాడు. వెనక మేము. ఎదురుగా ఒక బెల్లం బండి వచ్చింది. అతను హారన్ కొట్టలేదు. కారు పక్కకు తీసి, బండి దాటేదాకా ఆగాడు. పెద్దాయన కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. ఏమీ అనలేదు.

ప్రియులారా, మనలో ఎక్కువమందికి రెండు కోట్ల కారు గొడవ లేదు. రెండు లక్షల బండి, కంతుల మీద ఫోను, పెళ్లిలో పదిమంది చూడాలని పెట్టే ఖర్చు, మన రథాలు ఇవే. బరువు ఎవరు మోస్తారు? ఎవరు చూడాలని? పక్కన చోటు ఎవరికి? ఈ మూడూ ఈ వారం కుటుంబ ప్రార్థనలో కూర్చుని అడగండి. పిల్లలను కూడా మాట్లాడనివ్వండి.

ఆ పెద్దాయన ఆపరేషను కొరకు ప్రార్థించండి. ఆ మొదటి యౌవనస్థుని కొరకు, అతన్ని నొప్పించిన మా కొరకు కూడా ప్రార్థించండి. ప్రభువు మిమ్మును, మీ ప్రయాణములను కాపాడును గాక. ఆమెన్.