ఆముదం జిడ్డు, హీలియం జారుడు

హీలియం అనగానే పిల్లలకు బెలూన్లు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆముదం గుర్తొస్తుంది. ఎందుకో చెబుతాను.

హీలియం మనకు మరీ పరాయిదేం కాదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి ఫ్రాన్సు నుంచి జూల్స్ జాన్సెన్ మన గుంటూరుకే వచ్చాడు. ఆ గ్రహణంలో సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును విడదీసి చూసినవాళ్లకు ఒక పసుపు గీత కనబడింది. అది భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని తర్వాత ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ భావించాడు. ఆ వాయువును 1908లో లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ ద్రవంగా మార్చాడు, మైనస్ 269 డిగ్రీల దగ్గర. ఆదిలాబాద్‌లో 5 డిగ్రీలకు పడిపోతేనే మనం చలిమంటలు వేసుకుంటాం!

ఇంకో రెండు డిగ్రీలు తగ్గించి మైనస్ 271కి తెస్తే, అప్పటిదాకా బుడబుడమని మరిగే హీలియం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. గిన్నెలో పోస్తే గోడ వెంట పలుచని పొరలా పాకి, అంచు దాటి బయటికి కారుతుంది. (ఎంఆర్ఐ యంత్రాల్లో అయస్కాంతాన్ని చల్లబరిచేదీ ద్రవ హీలియమే. కానీ అది మైనస్ 269 దగ్గరే ఉంటుంది, ఈ వేషాలు వేయదు.)

ఇక ఆముదం సంగతి. కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలచేత స్నిగ్ధత ప్రయోగం చేయించేవాణ్ని. స్నిగ్ధతంటే ద్రవం జిడ్డుగా పట్టి లాగే గుణం. పొడవాటి గాజు జాడీలో ఆముదం పోసి, చిన్న ఉక్కు గుండు వదిలి, అది రెండు గీతల మధ్య దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. ఉట్నూరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఆ నింపాది గుండును చూస్తూ అడిగింది: "సార్, అస్సలు అంటుకోని ద్రవం ఉంటదా?"

అలా హీలియం కథ మొదలైంది. మాస్కోలో పీటర్ కపిత్సా నున్నటి రెండు గాజు బిళ్లల మధ్య, వెంట్రుక మందంలో సుమారు నూరో వంతు సందులోంచి దాన్ని పారించి చూశాడు. సర్రున జారిపోయింది. దాని స్నిగ్ధత మామూలు ద్రవ హీలియంలో 1500వ వంతుకు మించదన్నాడు. కేంబ్రిడ్జిలో అలెన్, మైసెనర్ సన్నని గొట్టాల్లో చూసిందీ అదే. రెండు ఫలితాలూ 1938 జనవరిలో 'నేచర్' పత్రిక ఒకే సంచికలో వచ్చాయి. అదే ఏడాది లైడెన్‌లో కీసమ్, మాక్‌వుడ్ ఆ హీలియంలోనే ఒక బిళ్లను వేలాడదీసి, అటూ ఇటూ తిరగనిచ్చారు. దాని ఊపు క్రమంగా తగ్గింది. అంటే లాగే గుణం ఉన్నట్టే!

"రెండిట్ల ఏది తప్పు సార్?"

ఏదీ కాదు. ఆ చలిలో హీలియం రెండు ద్రవాలు కలిసి ఉన్నట్టు నడుచుకుంటుందని తీసా, తర్వాత 1941లో లాండౌ వివరించారు. ఒక పాలు మామూలుది, రెండోది అతిద్రవం. ఇరుకు సందులో మామూలుది చిక్కుకుపోతే అతిద్రవం జారిపోతుంది. తిరిగే బిళ్లనేమో మామూలుది పట్టి లాగుతుంది. 1946లో ఆంద్రోనికాష్విలి పలుచని బిళ్లలను దగ్గరదగ్గరగా పేర్చి తిప్పి, వాటితోపాటు తిరిగే పాలు ఎంతో కొలిచి చూపాడు. చల్లబరిచేకొద్దీ ఆ పాలు తగ్గిపోయింది.

ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు. ఆమె రికార్డులో పొద్దుటి లెక్క, మధ్యాహ్నపు లెక్క ఎక్కడా కలవలేదు. తోటివాళ్లు పుస్తకంలోని విలువకు దగ్గరగా ఒక సంఖ్య రాసేసి మార్కుల మీద బెంగ తీర్చుకున్నారు. "మరి తప్పు నాదా సార్, ఆముదానిదా?"

సూటి ప్రశ్న. హీలియం తేడా ఎవరు కొలిచినా వచ్చింది, మైనస్ 271కి దిగువనే వచ్చింది. అందుకే నమ్మారు. నీ తేడా దేన్నిబట్టి వస్తోందో పట్టుకో అన్నాను. మర్నాడు పొద్దున్నే వచ్చి ఆముదంలో థర్మామీటరు ముంచింది. మళ్లీ ఎండ ముదిరాక ముంచింది. ఆముదం 20 డిగ్రీల నుంచి 40కి వేడెక్కితే దాని స్నిగ్ధత నాలుగో వంతుకు పడిపోతుంది మరి.

రికార్డులో రెండు విలువలూ రాసి, పక్కన ఉష్ణోగ్రతలు వేసింది. సగటు రాయాల్సిన గడిని ఖాళీగా వదిలేసింది. నేను సంతకం పెట్టాను.