లప్పం కింద సొట్ట

మా నాన్నగారు 1976లో కొన్న ఎర్ర ట్రాక్టరు మా గొడ్లచావిడి పక్కన చాలా ఏళ్లుగా కదలకుండా పడి ఉన్నది. అది బి-275. 1963లో మహీంద్రా వారు అమెరికా దేశపు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీతో కలిసి మన దేశంలో ట్రాక్టర్లు చేయడానికి పూనుకొన్నారు. ఆ కలయికలో వచ్చిన బండి ఇది. నాన్నగారు పోయిన తరువాత దీన్ని పాత ఇనుము కింద తూకానికి వేసేద్దామన్నాడు తమ్ముడు. నాకు మనసొప్పలేదు. పోయిన వేసవిలో బాగుచేయించడానికి పూనుకొన్నాను.

ఇంజను మమ్మల్ని అంతగా కష్టపెట్టలేదు. కష్టమంతా రేకు పనిలోనే వచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో చాలాకాలం టింకరింగ్ చేసి, పెద్దతనంలో మా పక్క ఊరు చేరిన మేస్త్రీ ఒకాయన ఉన్నారు. ఆయన వచ్చి బండి చుట్టూ తిరిగి, కుడివైపు మడ్‌గార్డును వేలి కణుపుతో తట్టి ఆగారు.

“ఇక్కడ రేకు పలకటం లేదు బాబూ. పైన లప్పం ఉంది” అన్నారు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి అక్కడ పెడితే అది అంటుకోకుండా జారిపోయింది.

నేను మాట్లాడలేదు. ఆ లప్పం కింద ఏముందో నాకు తెలుసు.

1984లో నాకు పదిహేనేళ్లు. ఒకరోజు మధ్యాహ్నం అందరూ భోజనాలు చేసి పడుకొన్నప్పుడు, ఎవరికీ చెప్పకుండా ట్రాక్టరు తీసుకొని చేలవైపు వెళ్లాను. కాలవ మీది కల్వర్టు దగ్గర మలుపు తిప్పలేక గోడకు కొట్టాను. మడ్‌గార్డు లోపలికి పోయింది. బండిని తెచ్చి యథాస్థానంలో పెట్టి ఊరుకొన్నాను. రాత్రి దున్నకానికి వెళ్లి వచ్చిన డ్రైవర్ మామే కొట్టి ఉంటాడని నాన్నగారు అనుకొన్నారు. “నేను కాదు బావా” అని మామ ఒక్కసారి అన్నాడు. నాన్నగారు నమ్మలేదు. బాగుచేయించిన ఖర్చు అతని జీతంలో విరగ్గోశారు. ఆ ఉగాదికి మామ మా ఇంట్లో పని మానుకొని వెళ్లిపోయాడు. నేను తలుపు చాటున నిలబడి చూశాను.

ఆ రోజుల్లో పట్నంలో ఎవరో సొట్టను సగం లేపి, మిగిలినదంతా లప్పంతో నింపి రంగు కొట్టి పంపారు. చూడటానికి నున్నగా ఉండేది. ఇప్పుడు మేస్త్రీ మడ్‌గార్డు విప్పి బల్ల మీద బోర్లించి వైరు బ్రష్‌తో గీకితే, ఆ లప్పం పెళ్లలు పెళ్లలుగా ఊడి వచ్చింది. ఎక్కడో సన్నటి పగులులోంచి నీరు దిగి, లోపల రేకును ఇన్నేళ్లుగా తుప్పు తింటూ ఉన్నది.

మేస్త్రీ పని చేసిన తీరు చదువరులకు చెప్పాలి. సొట్ట లోతుగా ఉన్నచోట పెద్ద సుత్తితో ఒక్కటి వేస్తే లేచిపోతుందని నేను అనుకొన్నాను. ఆయన నవ్వి, “అట్లా కొడితే రేకు సాగుతుంది. సాగిన రేకు మళ్లీ తన చోటికి రాదు” అన్నారు. మడ్‌గార్డు రేకు పదహారు గేజి ఉంటుంది, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు పైచిలుకు. సొట్ట పడినప్పుడు దాని చుట్టూ రేకు గట్టులా లేచి బిగుసుకొంటుంది. ముందు ఆ గట్టును దించాలి. కింద పల్లంలో ఇనుప దిమ్మను అదిమిపట్టి, పైన గట్టు మీద చిన్న చిన్న దెబ్బలు వేయాలి. అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా నడిమికి రావాలి. ఒకచోట రేకు ముందే సాగిపోయి, వేలితో నొక్కితే టపటపమని లోపలికీ బయటికీ ఆడుతున్నది. అక్కడ గ్యాసు మంటతో రూపాయి బిళ్లంత చోటు ఎర్రగా కాల్చి, చుట్టూ తేలికగా తట్టి, తడిగుడ్డ అద్దారు. రేకు ముడుచుకొని బిగిసింది.

తుప్పు తిన్న అంచును మంచి రేకు వచ్చేదాకా కత్తిరించారు. అదే మందం ముక్క కోసి, వరుసగా వెల్డింగ్ చేస్తే వేడికి వంకర పోతుందని, ఎడం ఎడంగా చుక్కలు పెట్టి అతికారు. మధ్యమధ్య ఒక గుడ్డ వేసి దానిమీద అరచేయి జార్చి చూసేవారు. “కన్ను మోసపోతుంది, చెయ్యి మోసపోదు” అనేవారు. చివరికి లోపలా బయటా రెడ్ ఆక్సైడ్ పూశారు.

ఆ మడ్‌గార్డు ఆరుతూ ఉండగానే నేను బస్సెక్కి డ్రైవర్ మామ ఉండే ఊరు వెళ్లాను. ఇప్పుడు ఆయనకు డెబ్బై అయిదు దాటాయి. జరిగినదంతా చెప్పాను. మామ చాలాసేపు నేలచూపులు చూశాడు.

“నాకు తెలుసు అల్లుడూ. కల్వర్టు గోడకు అంటిన ఎర్ర రంగు చూశాను. నువ్వు వచ్చి చెబుతావేమోనని ఉగాది దాకా చూశాను” అన్నాడు. కొంచెం ఆగి, “ఆ డబ్బు పోయినందుకు కాదు. దొంగమాట చెప్పానని మీ నాన్న అనుకొంటూనే పోయాడు. అదే బాధ” అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. నాన్నగారికి చెప్పవలసిన కాలం దాటిపోయింది. తెగ్గోసిన జీతానికి తగిన డబ్బు మామ ముందు పెడితే మొదట వద్దన్నాడు. తరువాత, “ఇది నాకు రావలసిందేలే” అని తీసుకొన్నాడు. అలా తీసుకోవడమే నాకు మేలనిపించింది.

ట్రాక్టరు తయారైన రోజు మామను పిలిపించి, ఇంటిల్లిపాదికీ ఎదుట ఆ సంగతి చెప్పాను. మామ బండి ఎక్కే ముందు మడ్‌గార్డు మీద అరచేయి పెట్టి, “ఇక్కడే కదూ?” అన్నాడు. పైకి ఏమీ కనిపించదు. లోపలివైపు చెయ్యి పెడితే మాత్రం సుత్తి దెబ్బల గుర్తులు ఇప్పటికీ తగులుతాయి.

మన ఇళ్లలో ఏ లప్పం కింద ఏ సొట్ట దాగి ఉన్నదో మనకే తెలుసు. రేకు పూర్తిగా తుప్పు తినకముందే గీకి చూసుకొంటే మంచిది. మా విషయంలో సగం ఆలస్యమైపోయింది.