మాఘమాసం ఎండలో మాయాబజార్ తగువు

కోతలు, నూర్పులు అయిపోయాయి. పొందూరు చుట్టూ మళ్లలో మినుము, పెసర పచ్చగా పరుచుకున్నాయి. రథసప్తమికి అరసవల్లి క్యూలో ఎన్ని గంటలకి నిలబడాలన్నదాని మీద ఇంటింటా లెక్కలు నడుస్తున్నాయి. సంక్రాంతికి వచ్చిన చుట్టాలు రైలెక్కేశారు గానీ, గొప్ప సినిమాలేవన్న తగువు మాత్రం మాకు అంటగట్టి పోయారు.

రాజేసింది మా మేనల్లుడు. బ్రిటన్‌లో సైట్ అండ్ సౌండ్ అనే పత్రిక 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకుల చేత ఓట్లు వేయిస్తుంది. మొదటిసారి బైసికిల్ థీవ్స్ గెలిచింది. ఆ తర్వాత అయిదు విడతలు సిటిజన్ కేన్ గద్దె దిగలేదు. 2012లో వర్టిగో దాన్ని దించింది. 2022లో ఓటర్లు 846 మంది నుంచి 1,639కి పెరిగారు. షాంటాల్ అకెర్మన్ 1975లో తీసిన జాన్ డీల్మన్ 36వ స్థానం నుంచి ఎకాఎకి ఒకటికి ఎక్కి కూర్చుంది. మూడు గంటల పైచిలుకు సినిమా. ఒక విధవరాలు వండుతుంది, దుంపలు చెక్కు తీస్తుంది, పక్క సర్దుతుంది. "ఇదేటి సినిమా మావా, ఏటవుతాది ఇందులో?" అని మావాడి గోల.

పొందూరులో పుట్టినవాడు అనాల్సిన మాట కాదది. మా ఊరి ఖద్దరు నూలు కోసం వాలుగ చేప దవడ ఎముక పట్టుకుని, ఆ సన్నని పళ్లతో కొండపత్తిని గింజ ఒలవకముందే దువ్వే ఆడవాళ్లని చూస్తూ పెరిగాడు వాడు. దువ్వాక గింజ తీయాలి, ఏకాలి, ఏకులు చుట్టాలి. అప్పుడు గదా రాట్నం! చెయ్యి కాస్త తడబడితే పోగు పుటుక్కున తెగుతుంది. ఆ సినిమాలోనూ అంతే. ఓ రోజు దుంపలు ఎక్కువ ఉడికిపోతాయి, అక్కణ్నుంచి ఆవిడ రోజు మొత్తం గాడి తప్పుతుంది. గొప్ప సినిమాయే. అయినా ఒకటో నంబరు మాత్రం నేనివ్వను.

నా అసలు పేచీ మన దేశపు జాబితాతో. 2022లోనే ఫిప్రెస్కి అనే అంతర్జాతీయ సినీ విమర్శకుల సమాఖ్య భారత విభాగంలో 30 మంది ఓటేసి పది సినిమాలు ఏరారు. పథేర్ పాంచాలి మొదటిది, సరే, దానికి వంక లేదు. బెంగాలీ ఉంది, హిందీ ఉంది, మలయాళం, కన్నడం ఉన్నాయి. షోలే కూడా ఉంది! తెలుగు మాత్రం సున్నా. జాబితాలో ఉన్న అంకుర్ కథ తెలంగాణదే గానీ మాట్లాడేది హిందీ.

ఇక మా ఊరి ఓటర్ల సంగతి. అక్కినేని పొందూరు ఖద్దరు పంచె కట్టినవాడు కనక దేవదాసు పక్షం ఇక్కడ గట్టిది. శంకరశాస్త్రి వేషం కట్టిన సోమయాజులు మన జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టాడని శంకరాభరణం వర్గం జబ్బలు చరుస్తుంది. పక్షపాతం విమర్శకులకేనా ఏమిటి, మాకూ కావలసినంత ఉంది.

నా ఓటు మాయాబజార్‌కే. 1957లో కె.వి.రెడ్డి భారత కథ తీస్తూ పాండవుల్ని తెర మీదికే రానివ్వలేదు. ఇవాళ ఏ దర్శకుడికుంది అంత గుండె? పెళ్లిపీటల మీద సావిత్రిని చూడండి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు ఆవిడ. సిగ్గుపడుతూనే రేలంగి కాలు తొక్కేస్తుంది. ఆ భుజాల విసురులో ఘటోత్కచుడి వేషం కట్టిన ఎస్వీ రంగారావు దిగిపోయి ఉంటాడు. ఒకే ఒంట్లో ఇద్దరు నటులు! 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ జనం చేత ఓట్లు వేయిస్తే దేశంలోకెల్లా గొప్ప సినిమాగా నెగ్గింది ఇదే. జనం ఓటుకి విలువ లేదంటారా? అలాగే కానివ్వండి. ఆ 30 మందిలో ఎందరు ఈ సినిమా చూశారో ముందు అది చెప్పమనండి.

అరసవల్లి దర్శనం అయ్యాక ఇటు పొందూరు కూడా రండి. పంచె కొన్నా కొనకపోయినా, మీ పది పేర్లూ మాత్రం రాసుకుని రండి.