రాకడకై కనిపెట్టేవారి పాదాలు



మధుమేహాన్ని గురించి వ్రాయవలసిన వైద్యుడు క్రీస్తు రాకడను గురించి వ్రాయడమేమని మీరు ఆశ్చర్యపడవచ్చు. పోచంపల్లిలో ఒక నేత కార్మికుని పాదం నాకు ఈ రెండింటినీ కలిపి చూపించింది.

ఆయన అరవై దాటినవారు. నలభై ఏండ్లు గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకొని చీరలు నేశారు. సంఘంలో పెద్ద. పదేండ్లకు పైగా మధుమేహం. 2020లో కరోనా వచ్చి, మగ్గాలు ఆగి, ఆరాధనలు కూడా ఆగిపోయిన రోజుల్లో, అంత్యదినాలు వచ్చేశాయన్న తలంపు ఆయనలో గట్టిపడింది. ఇన్సులిన్ మానివేశారు. ఫోనులో కారణం అడిగితే, "డాక్టర్ సాబ్, ప్రభువు నేడో రేపో వస్తడు. ఇంక ఈ సూదులు ఎందుకు?" అన్నారు.

నేను కోపపడ్డాను. మూఢత్వమన్నాను. ఆయన మారు మాట్లాడక ఫోను పెట్టేశారు. నేనూ అదే విశ్వాసంలో పెరిగినవాడిని. ఆయన ఎరిగిన వాక్యంతోనే జవాబు చెప్పగలిగి ఉండీ, వైద్యుడనన్న అహంకారంతో చెప్పలేదు. మూడు నెలలు మా మధ్య మాటలు లేవు.

ఆ మూడు నెలల్లోనే, మగ్గంలో కాలితో తొక్కే చెక్క నుండి ఒక పేడు లేచి ఆయన అరికాలిలో గుచ్చుకొన్నది. ఆయనకు తెలియలేదు. రక్తంలో చక్కెర ఏండ్ల తరబడి అదుపు తప్పితే పాదాల నరాలు మొద్దుబారతాయి. నొప్పి ఉండదు గనుక గాయం ఉన్నదని ఎవరూ చెప్పరు. రక్తప్రసరణ కూడా మందగిస్తే చిన్న గాయం మానదు. చీము లోలోపల ఎముక దాకా పోవచ్చు. ఇంట్లోవారు దుర్వాసన పసిగట్టేసరికి ఆలస్యమయింది. రెండు వ్రేళ్ళు తీసివేయవలసి వచ్చింది.

ఆసుపత్రిలో ఆయన మంచం ప్రక్కన కూర్చొని మొదట క్షమాపణ అడిగాను. తరువాత ఇద్దరమూ మత్తయి సువార్త తెరిచాము. పదిమంది కన్యకల ఉపమానంలో నేను చిన్ననాట గమనించని సంగతి ఒకటున్నది. పదిమందీ పెండ్లికుమారుడు వస్తాడనే నమ్మారు, పదిమందీ కునికి నిద్రపోయారు. తేడా నూనెలో మాత్రమే. రాత్రి పొడవుగా ఉండవచ్చునని, ఆయన రాక ఆలస్యం కావచ్చునని తలచి సిద్ధపడినవారే బుద్ధిగలవారు. అంతకు ముందరి అధ్యాయంలోని నమ్మకమైన దాసుడూ అంతే. యజమాని వచ్చి మెచ్చుకొన్నది వీధివైపు చూస్తూ నిలుచున్నవానిని కాదు, ఇంటివారికి వేళకు అన్నం పెడుతున్నవానిని.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. "అయితే ఇన్సులిన్ గూడ నూనే అన్నట్టు" అని నవ్వారు. ఆముదం పండే నేల మీద పుట్టినవారికి దీపంలో నూనె అయిపోవడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఈ పొరపాటు ఆయనతో పుట్టలేదు సుమా. థెస్సలొనీకలోని తొలి విశ్వాసులలోనే కొందరు పని మాని తిరుగుతూ ఉంటే పౌలు మందలించవలసి వచ్చింది. ఆ పౌలు డేరాలు కుట్టి బ్రతికినవాడు. రాకడను గురించి అంతగా వ్రాసిన ఆ చేతులే సూదీ దారమూ పట్టాయి. నేతవారికి నేనిది మరీ మరీ చెబుతుంటాను. అమెరికాలో విలియం మిల్లరును అనుసరించినవారు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురుచూశారు. కొందరు పొలంలో పంటను కూడా కోయకుండా విడిచిపెట్టారు. ఆ రోజు గడిచిపోయింది.

మన ప్రాంతంలోనే దీనికి భిన్నమైన నిరీక్షణ ఒకటి జరిగింది. మెన్నొనైట్ బ్రదరెన్ సంఘానికి చెందిన డాక్టర్ కేథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు. నాగర్‌కర్నూలులోనూ, పిదప శంషాబాదులోనూ రోగులకు సేవ చేశారు. 1945 జనవరి 1న శంషాబాదులోనే కన్నుమూశారు. ఆమె సంఘమూ రాకడను నమ్మిన సంఘమే. ఆ నిరీక్షణలో ఆమె దాదాపు ముప్పది ఎనిమిది సంవత్సరాలు గాయాలు కడిగారు, పురుళ్ళు పోశారు. యాంటీబయోటిక్స్ ఇంకా చేతికందని ఆ కాలంలో ఒక కాలి పుండును మాన్పడానికి ఎంత ఓర్పు కావాలో వైద్యుడిగా నాకు తెలుసు.

పెద్దాయన ఇంటికి వచ్చాక ఇన్సులిన్ మళ్ళీ మొదలుపెట్టారు. ఒకనాడు నేను పాదాల స్పర్శను పరీక్షించే సన్నని నైలాను పోగు చూపించాను. అది వంగేంతవరకు అరికాలిలో ఆనించి, తెలుస్తున్నదా అని అడగాలి; తెలియకపోతే ఆ పాదానికి ప్రమాదం పొంచి ఉన్నట్టే. ఆయన దానిని రెండు వ్రేళ్ళ మధ్య నలిపి చూసి, "పోగు పనే గద, నాకియ్యండ్రి" అన్నారు. పోగును ఆయన కంటె నేర్పుగా పట్టుకోగలిగిన వైద్యుడిని నేను చూడలేదు.

అప్పటి నుండి ప్రతి ఆదివారం ఆరాధన ముగిశాక చెట్టు క్రింద బల్ల వేసుకొని మధుమేహం ఉన్నవారి పాదాలు చూస్తున్నారు. శిష్యుల పాదాలు కడిగిన గురువును గురించి నేనేమీ చెప్పలేదు, ఆయనా అనలేదు. రాత్రి పడుకొనే ముందు అరికాళ్ళు అద్దంలో చూసుకొమ్మనీ, వేడినీళ్ళను మోచేతితో పరీక్షించి గాని కాలు పెట్టవద్దనీ, ఇంట్లో కూడా చెప్పులు వేసుకొమ్మనీ అందరికీ చెబుతారు. మగ్గం గుంటలోకి చెప్పులతో దిగడం చాలామందికి మనసొప్పదు. వారిచేత మెత్తని మేజోళ్ళు తొడిగిస్తున్నారు, దిగే ముందు తొక్కే చెక్కను చేతితో తడిమి చూడమంటున్నారు.

మొన్నటి ఆదివారం ఒక అవ్వ బొటనవ్రేలి క్రింద నల్లని మచ్చ ఆయన కంటపడింది. "నొప్పి లేదు బిడ్డా, ఏం గాదు" అన్నదట అవ్వ. "నొప్పి లేదనే భయమవ్వా" అని, మరునాడు తెల్లవారకముందే ఆమెను బస్సెక్కించి భువనగిరి ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. సాయంత్రం నాకు ఫోను చేశారు. ఎముకకు పాకలేదట.